తవుడమ్మ నొప్పి చిట్టా

ఒకటో రోజు

రోగి పేరు: తవుడమ్మ. వయస్సు: నలభై ఆరు. పని: ఏడో గోడ (సముద్రపు కట్ట), గాలిగది (నీటి అడుగున పునాది తవ్వకం), నాలుగో జట్టు; పదకొండేళ్లుగా. చిట్టా రాస్తున్నది: కూతురు దాలమ్మ, ఇరవై రెండేళ్లు, నీటి వడపోత కేంద్రం. నొప్పి, సున్నా నుంచి పది వరకు: రోగి చెప్పిన అంకె రెండు.

ఆస్పత్రి వాళ్లిచ్చిన ఈ పుస్తకంలో రోజుకి ఐదు గళ్లున్నాయి. ఐదోది 'ఇతర వివరములు'. బొటనవేలు ఆనిస్తే నిండిపోయేంత గడి. అందుకని వెనక ఖాళీగా వదిలేసిన పేజీల్లో రాస్తున్నాను. ఎవరికైనా అభ్యంతరముంటే పెద్ద గళ్లు గీయించండి.

ఈ రోజు అమ్మని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. తీసుకెళ్లానంటే ఆస్పత్రి దాకా. ఎదురుచూసే హాల్లో గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది: 'ఎముకల శస్త్రవైద్యుని వద్ద మీరు ఏమి ఆశించవచ్చు'. వదులైన బట్టలు వేసుకు రండి. వాడే మందుల పేర్లు రాసుకు రండి. వెంట ఒకరిని తెచ్చుకోండి. వైద్యుడు మీ మాట వింటారు, తాకి చూస్తారు, కీలు కదిపి చూస్తారు, నడిపించి చూస్తారు, అవసరమైతే ఫొటో తీయిస్తారు. వచ్చిన అందరికీ ఆపరేషన్ ఉండదు. ప్రశ్నలు అడగటానికి మొహమాటపడకండి.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా కరపత్రాలే నేర్పాయి. అందుకని అచ్చు కాగితం ఏది కనబడినా రెండుసార్లు చదువుతాను. ఇందులో ఒక్క అబద్ధమూ లేదు. ఆ వైద్యుడు ఏ తలుపు వెనక ఉంటాడో మాత్రం రాయలేదు.

మాకు కనబడింది నల్లటి నడక పలక. పన్నెండు అడుగుల పొడవు. అమ్మ దాని మీద నడిచింది. గోడలోంచి ఒక గొంతు పలికింది: "గౌరవనీయ సేవికా, మీ నడక అంకె తొంభై నాలుగు. మీకు శస్త్రవైద్యుని అవసరం లేదు. దినమూ వ్యాయామం చేయండి."

"మంచిది బాబూ," అని అమ్మ గోడకి దండం పెట్టింది.

నేను ఆ పలకని ఒక్క తన్ను తన్నాను. కాలి బొటనవేలు వాచింది. దానికి ఏ డాక్టరూ అక్కర్లేదు.

ఎనిమిది నెలలుగా మా అమ్మ పొద్దున్న మంచం దిగాలంటే ముందు కాసేపు మంచం పట్టె పట్టుకుని ఊపిరి బిగపడుతుంది. కింద కూర్చోలేదు. తన కాలి గోళ్లు తను తీసుకోలేదు, నేనే తీస్తాను. మా గది మూడో అంతస్తులో ఉంది, ఇనప నిచ్చెనకి పందొమ్మిది మెట్లు. ఎక్కడ నొప్పి అంటే ఒకరోజు మోకాలు చూపిస్తుంది, ఒకరోజు తొడ మూల చూపిస్తుంది. అలాంటి మనిషికి నూటికి తొంభై నాలుగు!

మళ్లీ అర్జీ పెట్టుకోవాలంటే ఇరవై ఒక్క రోజుల నొప్పి చిట్టా కావాలట. రాస్తున్నాను. చూద్దాం.

రెండో రోజు

రోగి చెప్పిన అంకె: రెండు.

"అమ్మా, నిన్న నిచ్చెన మీద నాలుగుసార్లు ఆగేవు. రెండేంటి?"

"పది అంటే ఏటని రాసున్నాదో సూడు."

"భరించలేని నొప్పి."

"బరిత్తన్నాను కదే. రెండే."

మూడో రోజూ రెండే. నాలుగో రోజూ రెండే. ఐదో రోజు తొడ పట్టుకుని గుమ్మంలో కూలబడి, లేచి, రెండు అంది. ఆ గళ్లలో రెండు వేస్తున్నాను. చేతులు రావడం లేదు.

ఆరో రోజు

ఈ రోజు నాకు తెలిసిన సంగతి ముందే తెలిసి ఉండాల్సింది. ఒకే గదిలో ఉంటూ తెలియకపోవడం నా గుడ్డితనం.

అమ్మ జట్టులోనే పనిచేసే సీతాలు పిన్ని వచ్చింది. సొంత పిన్ని కాదు, పక్క గది. నేను అమ్మని గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి నడిపిస్తున్నాను. కుంటమంటున్నాను. "నీకెలా నొప్పెడుతుందో అలా నడువమ్మా, అంతే" అంటే అమ్మ కుంటింది. బాగున్న కాలితో కుంటింది!

సీతాలు పిన్ని నవ్వి నవ్వి గోడకి చేరబడింది. "ఓలమ్మో! ఇంత దొంగ కుంటు నానెక్కడా సూల్లేదు. అక్కా, నీకు కుంటడం రాదే. వొదిలెయ్యి."

"రాకపోడమేటి? పిన్నీ, ఎనిమిది నెలల్నించి—"

"ఎనిమిది నెల్లేటే గుంటా? నాలుగేళ్లు," అని పిన్ని ఠక్కున ఆగింది. అమ్మ ఆమె వైపు చూసిన చూపు నేనూ చూశాను.

తర్వాత నెమ్మదిగా బయటపడింది. గాలిగది గేటు దగ్గరా ఇలాంటి పలకే ఉంది. అంకె ఎనభైకి తగ్గితే ఆ పూట పనిలోకి దింపరు. మూడు పూటలు తగ్గితే హాజరు పట్టీలోంచి పేరు పోతుంది. పేరు పోతే గది పోతుంది, నీళ్ల కోటా పోతుంది, ఆస్పత్రీ పోతుంది. అందుకని జట్టులో ఆడవాళ్లు ఒక నడక నేర్చుకున్నారు. దాన్ని సమనడక అంటారట. మంచి కాలు మీద పొట్టిగా 'ఒకటి', నొప్పి కాలు మీద సాగదీసి 'రెండూ' అని లోపల లెక్క పెట్టుకుంటూ, నొప్పి కాలు మీద నడుం ముందుగానే కాస్త నిలబెట్టి వేసే అడుగు. బయటికి ఏ తేడా తెలియదు. పలకకీ తెలియదు.

"ఎవరు కనిపెట్టేరు దీన్ని?"

సీతాలు పిన్ని అమ్మ వైపు చూసింది. అమ్మ బియ్యంలో రాళ్లేరుతోంది.

"నలభై మందికి నేర్పినాది మీయమ్మ," అంది పిన్ని. "నాకు రెణ్ణెల్లు పట్టినాది. కర్ర పెట్టి కొట్టినాది కూడాను."

ఏడో రోజు

రోగి చెప్పిన అంకె: రెండు. నేను వేసిన అంకె: ఏడు. ఇక మీదట ఇలాగే వేస్తాను.

నిన్న రాత్రంతా కోపం. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. కుంటేవాణ్ణి తీసేసే గేటు మీద కోపం తెలిసిందే, దాని మీద నాలుగు కరపత్రాలు చదివాను. కాని కుంటకుండా నేర్పిన మా అమ్మ మీద కోపానికి ఏ కరపత్రంలోనూ మాట దొరకలేదు.

ఎనిమిదో రోజు

మధ్యాహ్నం పని మానేసి అమ్మని మళ్లీ ఆస్పత్రికి లాక్కెళ్లాను. ఇరవై ఒక్క రోజులు కాలేదు అన్నారు. పలక ముందు బైఠాయించాను. లేవమన్నారు. గోడ మీది కాగితం చింపి చేత్తో పట్టుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "వైద్యుడు మీ మాట వింటారు! తాకి చూస్తారు! ఎక్కడ? ఏ వైద్యుడు?" హాల్లో జనం నవ్వారు. కొందరు చప్పట్లు కొట్టారు. అమ్మ సిగ్గుతో కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

నాలుగోసారి చదువుతుండగా పక్క తలుపు తెరుచుకుంది. నెరిసిన గడ్డం, చెప్పుల్లేని కాళ్లు, చేతిలో సగం తిన్న అరటిపండు.

"ఆ కాగితం రాసింది నేనే," అన్నాడాయన. "చింపితే చింపేవు గాని సరిగ్గా చదువు. 'మొహమాటపడకండి' తర్వాత చిన్నక్షరాల్లో ఇంకో వాక్యముంది: లోపలికి రండి."

డాక్టర్ పట్నాయక్. ఏడో గోడ మొత్తానికి ఒక్కడే ఎముకల డాక్టరు.

ఆ అరగంట రాసి పెట్టాలి. ఎందుకంటే ఎముకల డాక్టరు దగ్గర మనిషికి ఏం జరగాలో అది జరగడం నేను చూశాను. ఆయన అమ్మని కూర్చోబెట్టి, ముందు ఏమీ ముట్టుకోకుండా అడిగాడు. ఎప్పటినుంచి? మెట్లు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? నిద్రలో లేపుతుందా? గాలిగదిలో ఎంత లోతు, ఎంతసేపు? పైకొచ్చేటప్పుడు గాలి ఒత్తిడి తగ్గించే విడుపు గదిలో ఎంతసేపు కూర్చోబెడతారు?

"మొదట్లో గంటన్నర. ఇప్పుడు నలబై నిమసాలు బాబూ."

ఆయన రాసుకున్నాడు. పెన్ను కాగితం మీద గట్టిగా నొక్కుకుంది.

తర్వాత నడవమన్నాడు. అమ్మ నడిచింది, సమనడక, నీళ్లు తొణక్కుండా. నేను నోరు తెరిచేలోపల ఆయన పక్కనే నడుస్తూ, "అమ్మాయికి దాలమ్మని ఎవరు పెట్టేరు పేరు?" అన్నాడు.

"మా అత్త పేరు బాబూ. ఆవిడ పెద్ద కయ్యాలమారి. పుట్టగానే ఇది ఏడిసిన ఏడుపు ఇని మాయన అన్నాడు, మాయమ్మే మల్లా వొచ్చినాదని..."

అమ్మ కుంటుతోంది.

నోటితో మాటలు చెబుతుంటే లోపల లెక్క ఆగిపోయింది. అడుగడుగుకీ నడుం కుడివైపు పడిపోతోంది. నేను మా అమ్మ అసలు నడక చూడటం అదే మొదలు. ఆపమని అరవాలనిపించింది.

బల్ల మీద పడుకోబెట్టి మోకాలు మడిచి, పాదాన్ని నెమ్మదిగా బయటికి తిప్పాడు. కొద్దిగానే తిప్పాడు. అమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"ఎంత తవుడమ్మగారూ, పదికి?"

బల్ల అంచు మెల్లగా వదిలింది. తర్వాత పైకప్పుని చూస్తూ, "తొమ్మిది," అంది.

తొమ్మిదో రోజు

ఎముక ఫొటో వచ్చింది. డాక్టరు దాన్ని వెలుగు పెట్టె మీద పెట్టి మాకిద్దరికీ చూపించాడు. తుంటి దగ్గర ఎముక పైన గుండ్రటి బంతి. అందులో బూడిదరంగు మచ్చ.

"సోడా బుడ్డి మూత గబుక్కున తీస్తే బుడగలొస్తాయి కదా. లోతులోంచి గబుక్కున పైకి తెస్తే నెత్తురులో అలాంటి బుడగలే వస్తాయి. ఈ బంతికి పోయే సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడతాయి. తిండి అందక ఇంత మేర ఎముక చచ్చిపోయింది. నొప్పి మోకాల్లో తెలిసినా జబ్బు ఇక్కడ."

"సచ్చిపోనాదా?" అమ్మ తన తుంటి మీద చెయ్యి వేసుకుంది, లోపల ఎవరో ఉన్నట్టు.

"బంతి ఇంకా కుంగలేదు. ఇప్పుడైతే సన్నటి రంధ్రాలు చేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తాను. ఆరు వారాలు ఆ కాలు మీద బరువు మోపకూడదు, చంకకర్రలు. చాలామందికి నిలబడుతుంది, అందరికీ కాదు. ఏమీ చెయ్యకుండా ఇలాగే లోపలికి దిగుతూ ఉంటే ఈ వానాకాలం దాటదు, కుంగిపోతుంది. అప్పుడిక బంతి మొత్తం మార్చాలి. ఆ బంతులు మనదాకా రావడం లేదు."

"అయితే ఎప్పుడు చేస్తారు?" అన్నాను.

ఆయన కళ్లజోడు తీశాడు. అక్కడ మొదలైంది.

ఈ ఆస్పత్రి గోడ యాజమాన్యానిది. ఆపరేషను చెయ్యాలంటే పని వల్లే వచ్చిన 'గోడ జబ్బు' అని ధ్రువపత్రం కావాలి. గోడ జబ్బని రాయాలంటే గేటు పలక అంకెలు పడిపోతూ రావాలి. మా అమ్మవి పదకొండేళ్లుగా తొంభైకి పైనే. ఆ అంకెలు అబద్ధమని ఎవరైనా వాంగ్మూలమిస్తే గేటు లెక్కలన్నీ తిరగదోడతారు. జట్టు మొత్తాన్ని డాక్టరు చేత్తో పరీక్షించాలి. పలకని మోసం చేసినట్టు తేలిన ప్రతివాళ్ల పేరూ హాజరు పట్టీలోంచి పోతుంది. మొదట నిజం చెప్పిన మనిషికి మాత్రం మినహాయింపు.

"అంటే అమ్మ చెబితే అమ్మకి ఆపరేషను. మిగతా నలభై మందీ బయటికి."

"అంతే."

"మీకు ముందే తెలుసా ఈ నడక సంగతి?"

"మీ జట్టులోంచి వచ్చిన మూడో మనిషి దగ్గరే తెలిసింది."

"మరి రాయలేదేం?" నా గొంతు లేచింది.

"రాస్తే నాలుగో మనిషి నా దగ్గరికి రాదమ్మా," అన్నాడు. ఆ జవాబు నిజమే. అందుకే ఆయన మీద ఇంకా కోపమొచ్చింది.

పదో రోజు

ఇంట్లో యుద్ధం.

"నిజం చెప్పడానికి భయమెందుకు? నిజమే కూలివాడి ఆయుధం!"

"ఎవరన్నారే ఆ మాట?"

"పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం రాసినోడికి పిల్లలున్నారేటి, గది ఉన్నాదేటి?"

"అమ్మా, నీ కాలు పోతుంది!"

"నాది ఒక్క తుంటే. ఆళ్లవి ఎనబై," అని బట్టలారేసుకోడానికి వెళ్లిపోయింది. చీర తీగ మీద వెయ్యడానికి కుడికాలు ఎత్తలేక, ఎడంకాలి మీద గెంతుతూ వేసింది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు కాబట్టి గెంతింది. నేను వెళ్లి సాయం చెయ్యలేదు. నాకంత కోపం. ఇప్పుడు రాస్తుంటే చేతులు విరుచుకోవాలనిపిస్తోంది.

పన్నెండో రోజు

నాకు దారి దొరికింది.

ఎవరూ వాంగ్మూలం ఇవ్వొద్దు. ఎవరి పేరూ చెప్పొద్దు. ఒకే పొద్దున్న నలభై ఒక్కమందీ గేటు పలక మీద లెక్క మానేసి అసలు నడక నడుస్తారు. మోసం చేశారని ఎవరూ అనలేరు, కుంటుతున్నారంటే కుంటుతున్నారు. ఒక్కతె కుంటితే తీసేస్తారు. నలభై ఒక్కమంది ఒకేసారి కుంటితే ఎవర్ని దింపుతారు లోపలికి? రెండు రోజుల్లో గోడ పని ఆగుతుంది. గోడ ఆగితే నీళ్లు ఎవరి మేడల్లోకి వస్తాయో వాళ్లకే తెలుసు. అప్పుడు నలభై ఒక్క ధ్రువపత్రాలు రాయక చస్తారా!

రెండు గంటల్లో కరపత్రం రాశాను. నా మొదటి కరపత్రం. పేరు: 'కుంటుదాం రండి'. వడపోత సంచుల వెనక అచ్చొత్తాను.

పదిహేనో రోజు

పని దిగాక ఆడవాళ్లు ఉప్పు కడుక్కునే స్నానాల గదిలో నిలబడి చదివాను. నీళ్ల చప్పుడులో సగం వినబడలేదేమో అనుకున్నాను. చివర్లో ఒక్కొక్కరే కుళాయిలు కట్టేశారు.

"ఓసి దాలీ, ఎవుత్తి ముందు కుంటుద్ది?" అని ఒకావిడ.

"నాను," అంది మా అమ్మ.

నేను అడగలేదు. దేవుడి మీద నమ్మకం లేదు కాబట్టి ఈ పుస్తకం మీదే ప్రమాణం, నేను అడగలేదు.

"అక్క ముందుంటే నాను రెండు," అంది సీతాలు పిన్ని. తడి చేతులు లేచాయి. లెక్కపెట్టాను. నలభై.

ఇంటికొచ్చాక, "ఎందుకు ఒప్పుకున్నావు?" అని అడిగాను.

"నువ్వు సదువుతుంటే బాగున్నాది. మీ నాయన్లాగే మెడ నరాలు ఉబ్బినాయి," అంది.

రోగి చెప్పిన అంకె: ఐదు. ఈ రోజు నేను దిద్దలేదు.

పద్దెనిమిదో రోజు

ఉదయం ఆరు గంటలు. గేటుకి ఇవతల కమ్మీల దగ్గర నేను. అవతల నల్ల పలక, దాని చివర మేస్త్రీ, వెనక గాలిగది మూత. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు, రబ్బరు జోళ్లు, తలకి గుడ్డలు.

అమ్మ ముందు. పలక మీద కాలు పెడుతూనే వెనక్కి తిరిగి గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. లెక్క రాకుండా ఉండటానికి. "సీతాలూ, నిన్న నీ పులుసులో ఉప్పు ఎవరేసినారే, సముద్రమే ఏసినాదేటి..." అంటూ కుంటింది. నాలుగడుగులు. ఏడడుగులు. పన్నెండు. డాక్టరు గదిలో చూసినదాని కంటే ఘోరంగా ఉంది. ఎర్ర దీపం వెలిగింది. "అంకె అరవై ఒకటి," అంది గొంతు.

మేస్త్రీ చేత్తో పక్కకి చూపించాడు. అమ్మ పక్కకి జరిగి నిలబడింది.

తర్వాత సీతాలు పిన్ని. పలక అంచున కాలు పెట్టి ఆగిపోయింది. నోరు తెరిచి మూసింది. మేస్త్రీని చూసింది, ఎర్ర దీపాన్ని చూసింది, నన్ను చూసింది. ఒక అడుగు వేసింది. కుంటూ కాదు, సమనడకా కాదు. భయంతో లెక్క తప్పిపోయింది. ఇంకో అడుగుకి తూలింది. అటు నిజం కాదు, ఇటు అబద్ధం కాదు. ఆ వెనక ఉన్నావిడ మొహం తిప్పుకుంది. వెనకున్న వరసంతా ముడుచుకుపోయింది.

"పిన్నీ! మాట్లాడు!" అని అరిచాను. "ఏదో ఒకటి మాట్లాడు!"

అప్పుడు నా చెవులతో విన్నాను. పక్కన నిలబడిన మా అమ్మ, గొంతు పెంచకుండా, "ఒకటి, రెండూ. ఒకటి, రెండూ," అంటోంది.

సీతాలు పిన్ని నడుం నిలబడింది. మిగిలిన తొమ్మిదడుగులూ చక్కగా నడిచింది. పచ్చ దీపం. దాని వెనక ఇంకొకావిడ, పచ్చ. ఇంకొకావిడ. నలభైమందీ అమ్మ గొంతు మీద అడుగులేసుకుంటూ వెళ్లిపోయారు. ఎవరూ నా వైపు చూడలేదు. మేస్త్రీ, పాపం, ఆ ముసలిది నొప్పికి ఏదో గొణుక్కుంటోందనుకున్నాడు.

మూత పడింది.

"ఎందుకు లెక్క పెట్టేవు?" కమ్మీలు పట్టుకుని ఊపేస్తూ అడిగాను. "ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు కదా! వాళ్లంతట వాళ్లే—"

"తప్పుతన్నారే," అంది అమ్మ. "ఆళ్లు లెక్క తప్పుతన్నారు."

ఇరవయ్యో రోజు

మూడు పూటలు అయ్యాయి. ఎర్ర దీపం వెలిగితే ఆ మనిషి మళ్లీ రెండు పూటలు పలకెక్కి చూపించుకోవాలి. నిన్న, ఈ రోజు కూడా అమ్మ కుంటింది. ఇక సమనడక చేతకావడం లేదట. ఒకసారి వదిలేశాక నడుం మాట వినడం లేదట.

పేరు పట్టీలోంచి పోయింది. కాగితంలో ఇలా ఉంది: పదకొండేళ్లు ఆరోగ్యంగా ఉండి అకస్మాత్తుగా కలిగిన లోపం, గోడ పనితో సంబంధం లేనిది. నలభై ఒక్కమందిలో ఒక్కరికే వచ్చిన జబ్బు గోడ జబ్బు ఎలా అవుతుంది? వాళ్ల తర్కంలో తప్పు లేదు. అమ్మ ఒక్కత్తినే కుంటించి, ఆ తప్పు తీసేసింది నా కరపత్రమే.

ఆస్పత్రి తలుపు మాకు మూసేశారు. గది ఖాళీ చెయ్యడానికి నెల గడువు. నా పేరు మీద ఇంకో గది ఇస్తారట, ఆరో అంతస్తులో. ముప్పై ఎనిమిది మెట్లు.

సాయంత్రం డాక్టరు నిచ్చెనెక్కి మా ఇంటికొచ్చాడు. రెండు చంకకర్రలు తెచ్చాడు. వాటి ఎత్తు అమ్మకి సరిపోయేలా తనే మేకులు మార్చాడు. కుడికాలు నేలకి ఆనించకుండా ఎలా లేవాలో, గుమ్మం ఎలా దాటాలో రెండుసార్లు చూపించాడు. లోపలికి దిగడం ఆగింది కాబట్టి బంతి కుంగడం కొంత ఆలస్యం కావచ్చు అన్నాడు. ఎంత ఆలస్యమని అడిగాను. తెలియదన్నాడు. ఆపరేషన్ గది తాళం తన దగ్గర లేదన్నాడు. వెళ్లేటప్పుడు నేను మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఇవ్వాల్సింది.

ఇరవై ఒకటో రోజు

రోగి చెప్పిన అంకె: ఆరు.

ఈ చిట్టా పూర్తయింది. ఇవ్వడానికి ఇక ఆస్పత్రిలో మాకు కిటికీ లేదు.

మధ్యాహ్నం నుంచి ఆడవాళ్లు వస్తున్నారు. గుంపుగా కాదు. గుంపుగా వస్తే మేస్త్రీ కంట్లో పడతారని ఒకరి తర్వాత ఒకరు, గంటకి ఇద్దరు. ఒకరు ఎండుచేపలు తెచ్చారు, ఒకరు తన నీళ్ల కోటాలోంచి చెంబెడు నీళ్లు. నేను మూల కూర్చుని కరపత్రాలు చింపి పొయ్యిలోకి పెడుతున్నాను. నలభై చేతులు ఎత్తారు. నేను లెక్కపెట్టాను. ఆ సంగతి వాళ్లకి గుర్తుచెయ్యడానికి మాటలు పేర్చుకుంటున్నాను.

అమ్మ మంచం మీద చంకకర్రలు పక్కన పెట్టుకుని దర్బారు చేస్తోంది. "ఏమే, నడుం ముందుకి తోసేత్తన్నావట. మేస్త్రీకి తెలిసిపోద్ది. ఎల్లేముందు ఓపాలి నడిసి సూపించు."

అందరికంటే ఆలస్యంగా సీతాలు పిన్ని వచ్చింది. నిచ్చెన మీద అడుగుల చప్పుడు విన్నాను. ఒకటి, రెండూ. ఒకటి, రెండూ. గుమ్మం దాటింది. దాటాక తలుపు దగ్గరికి వేసింది. తలుపుకి ఒక్క క్షణం వీపు ఆనించి కళ్లు మూసుకుంది. తర్వాత కుంటుకుంటూ, గోడ పట్టుకుని, అమ్మ మంచం దాకా వెళ్లింది. అమ్మ కంటే ఎక్కువ కుంటుతోంది. ఎడమ తుంటి.

మధ్యాహ్నం నుంచి వచ్చిన వాళ్లందరూ ఇలాగే నడిచారని అప్పుడు గ్రహించాను. నేను పొయ్యి వైపు తిరిగి కూర్చున్నాను కాబట్టి చూడలేదు.

"నీ కూతురు నా మీద కోపంగా ఉన్నాది," అంది పిన్ని.

"దానికి నా మీదా కోపమే," అంది అమ్మ. "కూకో."

ఇద్దరూ చేపలు ఒలుచుకుంటూ పులుసులో ఉప్పు గురించి పోట్లాడుకున్నారు. నేను పేర్చుకున్న మాటలు ఒక్కటీ అనలేదు. లేచి, పిన్నికి నా ముక్కాలిపీట ఇచ్చాను. కుర్చీ లేదు మాకు.

దీపాలు పెట్టే వేళకి పిన్ని లేచింది. తలుపు దగ్గర ఆగి, చీర కుచ్చిళ్లు సర్దుకుంది, నడుం నిలబెట్టుకుంది, పెదాలు కదిలాయి. తలుపు తీసి చక్కగా నడుచుకుంటూ వెళ్లిపోయింది.